రాళ్లు తీసి తూచమన్న పిల్ల

ఎల్లవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న మన మనుమరాలు స్రవంతికి పెళ్లి కమ్మలు కొందామని జనగామ పోయాం. ఎర్రరాళ్ల కమ్మలు నచ్చాయి. హాల్‌మార్క్ ముద్ర చూసి నేను తలూపాను. పిల్ల ఊపలేదు.

"సేటూ, ముద్ర బంగారానికే. రాళ్లను గూడ బంగారం ధరకే తూస్తున్నవేంది?"

"అవి కెంపులమ్మా!"

"అయితే కెంపుల ధర వేరే కట్టు. బంగారంల వాటి బరువు తీసెయ్యి."

కంసాలి ముందు కూర్చుని, రాళ్లు పొదగకముందే తూకం వేయించేదానివి నువ్వు. అచ్చం నీ గొంతే. సేటు రాళ్ల బరువు తీసేసి లెక్క మళ్లీ కట్టాడు.

"తాతా, నాయినమ్మ అయితే ఇంకేమంటుండె?"

"మజూరీ గూడ తగ్గియ్యమంటుండె బిడ్డా."

సేటు నవ్వి, అదీ తగ్గించాడు. నువ్వు లేకున్నా జనగామ బజారులో నీ మాట చెల్లిందే.