దానంగా వద్దు

తిరుపతి,
మంగళవారం.

ఆదోనిలో ఉన్న అమ్మకు కోమలి ప్రేమతో రాసేది.

దేవుని దయవల్ల ఇక్కడ ఎవరికీ జబ్బు లేదు. నువ్వు పంపిన నూనెతో పాకాలలో అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గింది. నా పరీక్ష ఫీజు కట్టేశాను. హాస్టల్లో భోజనం ఎలా ఉందని అడిగావు; సాంబారు ఒక్కటే బాగుంటుంది, అదీ ఆదివారం మాత్రమే. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, నాకు కోపం వస్తోందని తెలియగానే నువ్వు "సరేలే పాపా" అని పెట్టేస్తావు. ఈ ఉత్తరమైతే చివరిదాకా చదువుతావు.

ఇక నువ్వు అడిగిన సంగతి. ఇంటి లోను వడ్డీకి పన్నులో మినహాయింపు ఉందని తోటి నర్సులు చెబితే నువ్వు బ్యాంకు కాగితం ఇచ్చావు. మీ ఆసుపత్రి గుమాస్తా దాన్ని తిప్పి ఇచ్చేశాడు. తప్పు ఎక్కడుందో కనుక్కోమన్నావు. మా కాలేజీలో పన్నుల పాఠం చెప్పే లోకేశ్వరి మేడమ్‌ను అడిగాను. ఆమె ఒక్క ప్రశ్నే వేసింది, ఇల్లు ఎవరి పేరున ఉంది అని.

నాయన పేరున. లోను పత్రాల్లో నీ సంతకం ఉన్నా, నెలనెలా కట్టే కంతులన్నీ నీ జీతం నుంచే పోతున్నా, ఇంట్లో వాటా లేనివాళ్లకు ఆ మినహాయింపు రాదట. వాటా ఉన్న నాయన కంతు కట్టడు. కట్టినా, వెల్డింగు షాపు మీద ఆయనకు పన్ను పడేంత రాబడి లేదు. అంటే ఆ మినహాయింపు మన ఇంట్లో ఎవరికీ పనికిరాకుండా పోతోంది.

రిజిస్ట్రేషన్ రోజు నాకు బాగా గుర్తుంది. "మన వంశంలో ఆడోళ్ల పేరుమీద గోడ లేసింది లేదు" అని జయరావు పెదనాయన ఒక్క మాట అన్నాడు, దాంతో అయిపోయింది. నువ్వు ఆ ఆఫీసు మెట్ల మీద మా అందరి క్యారియరూ పట్టుకుని కూర్చున్నావు. బ్యాంకులో మాత్రం అందరికంటే ముందు నిన్నే లోపలికి పిలిచారు. అప్పుడు ఎవరికీ వంశం గుర్తు రాలేదు.

ఇప్పుడైనా నిన్ను సహ యజమానిని చేయవచ్చు అంది మేడమ్. సహ యజమాని! ఆ మాట నాకు ఎంత నచ్చిందో. ఒకే దుప్పటి ఇద్దరు కప్పుకున్నట్టు ఉంది. అయితే ఒక మెలిక ఉంది. భర్త భార్యకు ఊరికే రాసిస్తే, పన్ను చట్టం ఆ వాటాకు కూడా భర్తనే యజమానిగా చూస్తుందట. అందుకని నువ్వు కట్టిన సొమ్ముకు బదులుగా నీకు అమ్మినట్టు రాయాలి. బ్యాంకు ఒప్పుకోవాలి, స్టాంపు ఖర్చూ ఉంటుంది, ముందు ఆడిటర్‌ను అడగండి అని కూడా చెప్పింది.

ఆదివారం పాకాలలో మన ఇంటికి వెళ్లి, చర్చిలో ఆరాధన అయ్యాక నాయనకు ఇదంతా నిదానంగా చెప్పాను. పెదనాయన కూడా ఉన్నాడు. నాయన చెడ్డవాడు కాదమ్మా, ఆ సంగతి నీకే బాగా తెలుసు. సగం రాసిస్తానని వెంటనే ఒప్పుకున్నాడు. అమ్మినట్టు రాయాలి అనేసరికి ముఖం మారిపోయింది.

"దానమంటే రేపే రాసిస్తా. పెండ్లానికి ఇల్లు అమ్ముకున్నోడని ఊరంతా నగతారు. యాడన్నా ఉండాదా ఇది?"

"సదువుకోమని తిరపతికి పంపితే, నాయనతోనే బేరమాడను వచ్చినాది సూడు" అని పెదనాయన తోడయ్యాడు.

ఏటేటా పన్ను ఊరికే పోతోంది కదా అన్నాను.

"పోయేది మీ అమ్మ జీతంలోనే గదా. ఇంట్లోది ఏం పోలేదే" అన్నాడు నాయన.

ఒళ్లు మండిపోయిందమ్మా. నీ రాత్రి డ్యూటీలతో లేచిన ఇంట్లో సగం నీకే దానం చేస్తాడట! దానం పుచ్చుకున్నవాళ్లు దండం పెట్టాలి. కొన్నవాళ్లకు ఆ అవసరం లేదు. ఆయనకు వాటా ఇవ్వడం కష్టం కాదు, నువ్వు కట్టావని నలుగురి ముందు సంతకం పెట్టడమే కష్టం. నీ మీద కూడా కోపంగానే ఉంది. ఇంజెక్షన్ ఒక్క నిమిషం ఆలస్యమైతే డాక్టర్‌ను సైతం నిలదీసే మనిషివి, ఇంటికొచ్చేసరికి నోరు ఎక్కడ పెట్టి వస్తావు?

ఇంతసేపూ రాయకుండా దాచిన మాట ఒకటుంది. ఆ కోపంలో నేను నాయనతో, "అట్లయితే వచ్చే నెల నుంచి అమ్మ కంతు కట్టదంట" అన్నాను. పెదనాయన అక్కడినుంచి జారుకోవడానికి చెప్పులు వెతుక్కున్నాడు. నాయన, "స్టెల్లా అన్నాదా ఆ మాట?" అని నీ పేరు పెట్టి అడిగాడు.

అన్నాది అని చెప్పాను.

శనివారం ఆయన ఆదోని వస్తున్నాడు. అంతకుముందే నీకు అందాలని స్పీడ్ పోస్టు చేస్తున్నాను. కంతు ఆగితే బ్యాంకువాళ్లు ముందు నిన్నే పట్టుకుంటారని నాకు తెలుసు. నువ్వు ఆపనక్కర్లేదు. నాకోసం అబద్ధం ఆడమనీ అడగను. శనివారం దాకా టైముంది. నీ ఇల్లు నీకు దానంగా వద్దని, దానమే అంటే కంతు ఆపగలనని నువ్వు నిజంగా అనుకో. అప్పుడు నేను చెప్పింది అబద్ధం కాదు, నీకంటే కొన్ని రోజులు ముందు అన్నానంతే.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా తగ్గని
నీ కూతురు
కోమలి