నాగలి లేవని పాపం

దుర్గేష్ బావకు నాచారం నుంచి ఉమామహేశ్వర్ దండాలు. ఫోన్ ఎత్తవు కనుక పోస్టుకార్డు.

నువ్వు కల్లు తాగిన పాపానికే మన పాత ట్రాక్టర్ నాగలిని లేపడం లేదని భజనలో ఊరందరి ముందు గర్జించాను కదా. ఇక్కడికి మరమ్మతుకు తెస్తే మెకానిక్ బిక్షపతి గేరుబాక్సు నూనె తీసి చూపించాడు. అచ్చం పాలచాయ!

"నీళ్లు కలిసినయ్. నాగలి లేపే లిఫ్టుకు గూడ గిదే ఆయిల్. ఎవరు కడిగిన్రు?"

"కడుగలే. దసరాకు బండికి నూటొక్క చెంబుల నీళ్లతోని అభిషేకం జేసిన."

"గేరుబాక్సు మూత పగిలిన కాడనే పోసినవా, స్వామీ?"

సంచిలోని పురాణమంతా తిరగేశాను. నన్ను కాపాడే శ్లోకం ఒక్కటీ దొరకలేదు.

నూనె మార్చాక నాగలి లేచింది. యాసంగి దుక్కికి ట్రాక్టర్ నువ్వే తోలాలి. బర్రె ఈనిందా? అక్కకు దండాలు, పిల్లలకు దీవెనలు. కవరులో పెట్టకుండా రాసింది ఎందుకంటే, నీకంటే ముందు ఊరు చదవాలని.