వంటగట్టు మీద క్యారేజీలు

ఏలూరు
వెల్‌నెస్ కోచ్ శాలిని గారికి, ఆనంద్ పాల్ రాయునది.
షుగర్ డాక్టరు పంపితే మీ దగ్గర చేరాను. యాప్ వద్దంటే ఉత్తరాలకు ఒప్పుకున్నారు, సంతోషం. కానీ మీ ఛార్టులో మొదటి గడిలోనే ఉడికించిన ఉలవలా? మా తాతగారు వాటిని ఎడ్లకు పెట్టేవారు. నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను.
ఇట్లు,
ఆనంద్ పాల్
తా.క.: ఉప్పు కూడా తగ్గించమన్నారు. తాతగారు ఎడ్లకు ఉప్పు తగ్గించలేదు.

తాడేపల్లిగూడెం
పాల్ గారికి నమస్కారమండీ.
మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు వంటగట్టు మీద వరసగా క్యారేజీలు చూశాను. మేడంగారు పోయాక వీధిలోవాళ్లు కూరలూ అన్నం పంపుతున్నారన్నారు. మంచివాళ్లే. కానీ అన్ని క్యారేజీలు తింటే ఎలాగండీ? డైట్‌లో ఉన్నానని చెప్పేయండి.
మీ ఆరోగ్యం కోరే,
శాలిని
తా.క.: కొల్లేరు చేపల పులుసు వాసన కూడా వచ్చిందండీ. నేనేమీ అనలేదు.

ఏలూరు
శాలిని గారికి,
చెప్పాను. నాకు జబ్బు ముదిరిందని వీధంతా నమ్మింది. పక్కింటి యేసమ్మ గారు ఒకటికి రెండు క్యారేజీలు పంపారు. చర్చిలో పాస్టర్ గారు నా పేరు చెప్పి కన్నీళ్లతో ప్రార్థన చేశారు. నేను మొదటి వరసలోనే ఉన్నాను.
ఆనంద్ పాల్
తా.క.: ప్రార్థన అయ్యాక "ధైర్యంగా ఉండండి మాస్టారూ" అని ఆయనా ఒక క్యారేజీ చేతిలో పెట్టారు.

తాడేపల్లిగూడెం
పాల్ గారూ,
మీ మొహమాటమే అసలు జబ్బండీ. శనివారం నేనే వచ్చి ఆ క్యారేజీలన్నీ ఎవరివి వాళ్లకిచ్చేసి, ఇక పంపొద్దని చెప్పేస్తాను.
శాలిని
తా.క.: మూతల మీద పేర్లు చెక్కి ఉంటాయి కదా, ఇబ్బంది లేదు.

ఏలూరు
అమ్మా శాలినీ,
వాటిని ముట్టుకోవద్దు. అవి ఖాళీవి. తిన్నాను, కడిగాను, తిరిగి ఇవ్వలేక ఉంచాను. మా హెప్సిబా కాపురానికి వచ్చిన నాటి నుంచి ఎవరి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపలేదు. ఏదో ఒకటి వేసి ఇచ్చేది. నాకు వంట రాదు. ఆమె పోగానే ఈ ఇంటి నుంచి ఖాళీ గిన్నెలు వెళ్లాయని అనిపించుకోమంటారా? దీనికి మీ ఛార్టులో గడి ఉందా?
ఆనంద్ పాల్
తా.క.: కోపంగా రాశాను. కొట్టివేయడం లేదు.

తాడేపల్లిగూడెం
పాల్ గారూ,
క్షమించండి. తెలియక రాశాను. గడి ఉందండీ, మొదటిదే. ఉలవలు రాత్రి నానబోయండి, కుక్కర్లో ఉడికించండి, తాలింపు వేయండి.
శాలిని
తా.క.: ఉప్పు వేయండి. వీధిలోవాళ్లు నా దగ్గర చేరలేదు.

ఏలూరు
శాలిని గారికి,
మొదటి కుక్కరు మాడింది. రెండోది క్యారేజీల్లో నింపి, ఇంటింటికీ నడిచి ఇచ్చాను. యేసమ్మ గారు చాలాసేపు నమిలి, "ఇవా మాస్టారూ మీరు తింటున్నది!" అని కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు మళ్లీ క్యారేజీలు వచ్చాయి. మళ్లీ ఉలవలు నింపి ఇచ్చాను. మూడోసారికి వీధంతా పంపడం మానేసింది. ఇప్పుడు నేనే వండుకుంటున్నాను. షుగర్ తగ్గింది.
ఒక క్యారేజీ మాత్రం అందరూ తమది కాదన్నారు. మూత మీద పేరు లేదు. తిప్పి చూస్తే అడుగున హెప్సిబా పేరు ఉంది. ఎప్పుడో ఆమె యేసమ్మ గారింటికి పంపిందట. ఆవిడా ఖాళీగా ఇవ్వలేక చేపల పులుసు పోసి పంపారు. మీరు వాసన చూసింది అదే.
ఆనంద్ పాల్
తా.క.: ఆ క్యారేజీ మీదే ఈ ఉత్తరం పెట్టి పంపుతున్నాను. లోపల ఉలవలు. ఖాళీగా తిప్పి పంపకండి.