పన్నెండో ఫారం

బావమరిదికి,

నీ బావ దీవించి రాస్తున్నాడు. మేమిద్దరం కులాసా. చెల్లెమ్మను అడిగానని చెప్పు. ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావా, ఫోనులో సగం నాకు వినపడదు, మిగతా సగం నువ్వు చెప్పవు.

నువ్వు పనిచేసే లైబ్రరీ కమిటీ వాళ్లు రాసింది అందింది. వచ్చే ఏడు డెబ్బై అయిదో వార్షికోత్సవం నాడు నా బైండింగు షాపు బోర్డును చదువుకునే హాల్లో తగిలిస్తారట. షాపు మూసి ఈ ఊరు వచ్చేటప్పుడు కోత మిషనుతో సహా అన్నీ అమ్మేశాను గానీ ఆ బోర్డు మాత్రం పాత దుప్పట్లో చుట్టి తెచ్చుకున్నాను. ‘ఒక్క పేజీ అటూ ఇటూ కాదు’ అని ముప్పై ఎనిమిదేళ్లు వీధిలో వేలాడిన బోర్డు అది. నాకున్న పరువంతా ఆ చెక్క మీదే ఉంది.

సంతోషం పట్టలేక ఆ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. ఉతికిన బట్టలు మడత పెడుతూ వింది. విని, “నాలుగు వేల పుస్తకాలు కట్టారు కదా, ఒక్కదాంట్లో ఏముందో చెప్పండి” అంది. అట్ట రంగు చెప్పాను. “లోపల” అంది. బైండరు చదువుతూ కూర్చుంటే జిగురు ఆరిపోతుందని ఈవిడకు తెలియదా? కోత, జిగురు, అట్ట నావి. కుట్టు మీ అక్కది. వెనక గదిలో కూర్చుని ఒక్కో పుస్తకానికి రోజంతా కుట్టేది. అయిందా, అయిందా అని నేను గుమ్మంలోంచి అరుస్తూ ఉండేవాణ్ణి. అలాంటి మనిషి నన్ను నిలదీసింది.

అందుకే శపథం పట్టాను. ఏడాదిలో, వారానికొకటి చొప్పున, మీ లైబ్రరీకి నేను కట్టిన పాత పుస్తకాలు యాభై రెండు చదివి తీరతాను. జాబితా మీ అక్కే రాసిచ్చింది, ఆలోచించను కూడా లేదు, గడగడా రాసేసింది. ఇందులో పెట్టాను. వారం వారం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపు.

ఇట్లు,
పట్టుదల గల నీ బావ

తా.క. ముందుమాట కూడా చదవాలా, వదిలెయ్యొచ్చా? మీ అక్కను అడిగితే ఉన్న పరువు పోతుంది.


బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. మా అటెండరు మంచినీళ్లు తెచ్చి, ఎవరికి ఏమైందని అడిగాడు. మా బావ పుస్తకం చదువుతాడట అన్నాను. అతనూ కూర్చున్నాడు.

అక్క జాబితా చూశాను. మొదటిదే ఆ లైట్‌హౌస్ నవల కావడం నా అదృష్టం. బావగారూ, అది పుస్తకం కాదు, నా జీవితం. చిన్నప్పటి నుంచి పుస్తకంలో ఏది చదివితే అది చేసే రకాన్నని మీకు తెలుసు. ఈ నవల ముగింపు చదవకపోతే ఈ రోజు నేను ఎక్కడ ఉండేవాణ్ణో. ఇరవై తొమ్మిదేళ్లుగా మా ఆదివారం పాఠకుల గోష్ఠిలో ఆ ముగింపు మీద ఏటా ఒకసారి మాట్లాడుతున్నాను. మన దగ్గర ఉన్నది ఒక్కటే ప్రతి, మీరు కట్టిందే. జాగ్రత్తగా చదవండి.

అయిదో వారానికి ధాన్యం నిల్వల పరిశీలన సంఘం వారి నివేదిక ఎందుకు రాసిందో మాత్రం అర్థం కాలేదు. దాన్ని కట్టించిన నాటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. అక్క ఏదో పొరపాటు పడి ఉంటుంది.

మీ విధేయుడైన బావమరిది

తా.క. ముందుమాట వదిలెయ్యండి. నేనూ అదే చేస్తాను. ఈ సంగతి గోష్ఠిలో ఎవరికీ తెలియదు.


బావమరిదికి,

నీ జీవితం చదివాను. మతి పోయింది.

లైట్‌హౌస్ కాపలావాడు, ఆస్పత్రి నర్సు, ఇద్దరి ప్రేమ, పంతం, పోట్లాట. బాగుంది. రెండు రోజులు అన్నం కూడా చల్లారబెట్టుకుని చదివాను. 176వ పేజీలో వాడు దీపం ఆర్పి మెట్లు దిగుతున్నాడు. ఎదుటి పేజీ చూశాను. 177లో వాడు పోస్టుమాస్టరు. లైట్‌హౌస్ ఏమైంది? కుక్కంటే హడలిపోయే మనిషి పక్కన ఇంత పెద్ద కుక్క. నర్సు బడిలో పాఠం చెబుతోంది. పసితనంలోనే తల్లి చచ్చిపోయిందని పదిచోట్ల ఏడ్చిన పిల్లకు తల్లి ఉంది, కిటికీ పక్కన కూర్చుని చొక్కాకు బొత్తాలు కుడుతోంది. ఆ బొత్తాల దగ్గర నా ఒళ్లు జలదరించింది.

వర్షంలో వెళ్లి క్షమాపణ అడిగాడు, తలుపు తెరుచుకుంది, సరే. కానీ 177 నుంచి ఒక్క పేరూ లేదు, అంతా అతను, ఆమె. ఎవరు ఎవరిని అడిగినట్టు? రాసేవాడికి తాను రాసింది జ్ఞాపకం ఉండొద్దా? నేను అట్ట వెయ్యడానికి ఎంత జాగ్రత్త పడ్డానో అందులో పదో వంతు అతను పడలేదు. ఆ రచయిత విలాసం పంపు, నాలుగు మాటలు రాస్తాను.

ఇట్లు,
కోపంగా ఉన్న నీ బావ

తా.క. మీ అక్క ఒకే ఒక్క మాట అడిగింది, “ఏడుపొచ్చిందా?” అని. కుక్కను చూసి భయమేసింది అన్నాను. “అయిదో పుస్తకం దాకా ఆగండి” అని లోపలికి వెళ్లిపోయింది.


బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నన్ను గాయపరిచింది. సాహిత్యానికి కొత్త కాబట్టి మన్నిస్తున్నాను.

కాపలావాడు పోస్టుమాస్టరు ఎలా అయ్యాడని అడిగారు. బదిలీ అయ్యుంటుంది. ఉద్యోగం అన్నాక బదిలీలు ఉండవా? నర్సు మనసు విరిగి బడిలో చేరింది. తల్లి విషయం ఇంకా లోతైనది. చనిపోయిన తల్లి బొత్తాలు కుట్టడమంటే తెగిన బంధాన్ని కలపడం. దీని మీద నేను నలభై నిమిషాలు మాట్లాడితే తాలూకాఫీసు గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు. కుక్క అంటే విశ్వాసం. ఇన్నేళ్లలో ఒక్క పాఠకుడైనా మీలాంటి ప్రశ్న వెయ్యలేదు.

ఎవరికీ చెప్పని మాట మీకు చెబుతున్నాను. పెళ్లయిన ఆరో నెలలో మాకు మాటా మాటా పెరిగి ఆవిడ వాళ్ల అక్కగారింటికి వెళ్లిపోయింది. నేను తగ్గేదేమిటని దూరపు బ్రాంచికి బదిలీ కోరుతూ దరఖాస్తు రాసి జేబులో పెట్టుకున్నాను. అప్పుడే ఈ నవల సగానికి పైగా చదివాను. అట్ట ఊడిపోతోందని మీకు బైండింగుకు పంపి, ముగింపు కోసం రోజూ మీ షాపు చుట్టూ తిరిగాను. తిరిగొచ్చిన పూటే మిగతా పేజీలన్నీ చదివాను. లేచి వర్షంలో వాళ్లింటికి వెళ్లాను. 181వ పేజీలో పోస్టుమాస్టరు అన్న మాటే అన్నాను, “తప్పు నాది, గొడుగు మాత్రం ఇద్దరిదీ” అని. ఆవిడ తలుపు తీసింది. దరఖాస్తు చించేశాను.

ఇక మీరు ఆ రచయితకు ఏమీ రాయకండి.

మీ బావమరిది

తా.క. ఆ మాట నా సొంతమని ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది. ఈ ఉత్తరం చదివి చించెయ్యండి.


బావమరిదికి,

కూర్చుని చదువు. నేను నిలబడలేక పడుకుని రాస్తున్నాను.

మధ్యలో మూడు పుస్తకాలు బాగానే గడిచాయి. అయిదో వారం నివేదిక తెరిచాను. గోనె సంచులు, తేమ, ఎలుకలు, మళ్లీ ఎలుకలు. శపథం కదా అని 160వ పేజీలో సంఘం అధ్యక్షుడి సంతకం దాకా చదివాను. ఎదుటి పేజీలో అధ్యక్షుడు దీపం తుడుస్తున్నాడు. ఒక ఉత్తరం రాశాడు, పోస్టు చెయ్యలేదు. తాళాలు కొత్తవాడికి అప్పగించి ఓడ ఎక్కి వెళ్లిపోయాడు. ఒడ్డున ఆస్పత్రి కిటికీలోంచి ఒకమ్మాయి ఆ దీపం వంక చూసి, ఇంకా అక్కడే ఉన్నాడు, ఎప్పటికైనా వస్తాడు అనుకుంటుంది. దీపం వెలిగించింది వేరేవాడని ఆమెకు తెలియదు.

నాకు ఏడుపు ఆగలేదు. ఎలుకలు చేసిన నష్టానికి అధ్యక్షుడు ఇంతగా కుంగిపోయాడా అనుకున్నాను. ముక్కు తుడుచుకుని అప్పుడు అంకె చూశాను. 160 తర్వాత 177.

బావమరిదీ, పదహారు పేజీల మడతను మేము ఫారం అంటాం. పదకొండు ఫారాలైతే 176 పేజీలు. నీ నవలను మళ్లీ తెప్పించుకుని వెలుతురులో పెట్టి చూశాను. పన్నెండో ఫారం కాగితం వేరు, అచ్చు వేరు. నువ్వు చెల్లెమ్మతో అన్న 181వ పేజీ మాటతో సహా అది ఏ పుస్తకంలోదో దేవుడికి తెలియాలి. నవల అసలు ముగింపు ఎలుకల వెనక పడి ఉంది. అట్ట మీద ముద్ర నాదే. బదిలీ లేదు, బంధం లేదు. అది నా షాపులో జరిగిన తప్పు.

దుప్పటి తీసి బోర్డు చూశాను. దాని ముఖం చూడలేకపోయాను. నీ జవాబు రాగానే కమిటీకి ఉన్నదున్నట్టు రాసేస్తాను, బోర్డు తగిలించవద్దని. ఒక్క పేజీ కాదు, పదహారు.

ఇట్లు,
తల ఎత్తుకోలేని నీ బావ

తా.క. పెద్దవాణ్ణి కూర్చుని ఏడుస్తుంటే మీ అక్క ముఖంలో సంతోషం. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి నాకు అర్థం కాలేదు.


బావగారికి,

నమస్కారం కూడా సరిగ్గా రావడం లేదు.

మీ ఉత్తరం కౌంటరు దగ్గర చదివాను. నేను బదిలీ అన్నాను, లోతు అన్నాను, కుక్క అంటే విశ్వాసం అన్నాను. ఇరవై తొమ్మిది ఉపన్యాసాలు. తాలూకాఫీసు గుమాస్తా కన్నీళ్లకు ఎవరు జవాబుదారీ?

అంతకన్నా భయంకరమైనది ఇంకొకటి. మీ ఒక్క మడత సరిగ్గా ఉండి ఉంటే నేను ఓడ ముగింపు చదివేవాణ్ణి. చదివితే ఏం చేసేవాణ్ణో నాకు బాగా తెలుసు. జేబులో దరఖాస్తు ఉండనే ఉంది. గొప్పవాణ్ణనుకుంటూ ఎక్కడో దూరపు బ్రాంచిలో ఒంటరిగా బీరువాలు తుడుచుకుంటూ ఉండేవాణ్ణి. నా సంసారం, పిల్లలు, ఇల్లు అంతా ఒక కుట్టు తప్పు మీద నిలబడి ఉంది. మిమ్మల్ని తిట్టాలో కాళ్లకు మొక్కాలో తేలడం లేదు.

దయచేసి కమిటీకి రాయకండి. అక్కడ చదివితే ఊరంతా చదివినట్టే.

మీ బావమరిది

తా.క. రాయకపోయినా లాభం లేదు. మీ ఉత్తరం చొక్కా జేబులో మర్చిపోయి ఉతకడానికి వేశాను. ఆవిడ చదివింది. చదివి తిన్నగా లైబ్రరీకి వచ్చి నవల అడిగింది. మీ దగ్గరుంది అన్నాను. “181వ పేజీలో ఏముందో నువ్వే చెప్పు” అంది. చెప్పాను. ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి నన్ను ‘మీరు’ అంది. “మీరు మా అక్క ఇంటికి పంపింది పోస్టుమాస్టరునా?” అని అడిగి, నిన్నటి నుంచి మాట్లాడడం లేదు.


చిన్నోడా,

మీ అక్కను రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి మీ బావ కమిటీకి రాయడానికి కాగితం తీశారు. నేను కలం లాక్కున్నాను. ఆ కలంతోనే రాస్తున్నాను.

అది తప్పు కాదురా. నేనే మార్చాను.

కుట్టడానికి రోజంతా ఎందుకు పట్టేదనుకున్నారు మీరిద్దరూ? చదివి కుట్టేదాన్ని. ఫారం చదవడం, కుట్టడం, ఇంకోటి చదవడం, కుట్టడం. నాలుగు వేల పుస్తకాలూ అలా చదివాను. ఆ నవల నా చేతికొచ్చిన రోజుల్లో నువ్వు రోజూ షాపుకొచ్చి, ముగింపు ఏమవుతుంది, ముగింపు ఏమవుతుంది అని తిరిగేవాడివి. నీ జేబులో దరఖాస్తు కనబడుతూనే ఉంది. చివరి ఫారం చదివి, కుట్టకుండా పక్కన పెట్టాను. ఏడేళ్లప్పుడు కథలో పిల్లాడు ఇల్లొదిలి వెళ్లాడని నువ్వూ సంచీ సర్దుకుంటే వీధి చివర పట్టుకొచ్చింది నేనే. ఓడ సంగతి చదివితే నువ్వు ఆగవని తెలుసు.

బల్ల మీద చెదలు తిన్న పుస్తకం ఇంకోటి ఉంది. పనికిరాదని నువ్వే రాసి పంపావు. చివరి ఫారం ఒక్కటే మిగిలింది. పోస్టుమాస్టరు, వర్షం, గొడుగు. అంకెలు సరిపోయాయి. కుట్టేశాను. అసలుది పారెయ్యడానికి చెయ్యి రాక, ఎవరూ ఆఖరుదాకా చదవరని ఆ నివేదికలో పెట్టాను.

ఇప్పుడు మరదలికి ఈ ఉత్తరం చూపించు. ఆ మాట నువ్వు పూర్తిగా అన్నానని ఇన్నేళ్లూ అనుకుంటున్నావు. ఆ మర్నాడు ఆమె నా దగ్గరికొచ్చి కడుపు పట్టుకుని నవ్వింది. “తప్పు నాది” అన్నావట. తర్వాత “గొడుగు, గొడుగు” అని నాలుగుసార్లు తడబడి, “గొడుగు బస్సులో మర్చిపోయాను” అన్నావట. ఆమె తలుపు తీసింది దానికి. అది ఏ పేజీలోనూ లేదు, నీదే. ఆమెకూ గుర్తుంది, అడిగి చూడు.

మీ బావ ఇదంతా విని నవల, నివేదిక పక్కపక్కన పెట్టి చూశారు. చివరికి, “నాకెందుకు చెప్పలేదు” అన్నారు. “ముప్పై ఎనిమిదేళ్లు ‘అయిందా’ అని అడిగారు, ‘ఏముంది’ అని ఒక్కసారి అడగలేదు” అన్నాను. కోపంతో అనలేదురా, కళ్లనీళ్లు వాటంతటవే వచ్చాయి. అడుగుతారేమోనని చూసి చూసి, ఈ శపథం పట్టించాను. ఆయన వెళ్లి బోర్డు తెచ్చి నా ముందు పెట్టారు. ఏం చెయ్యమంటావని అడిగారు.

తగిలించమన్నాను. అందులో అబద్ధం లేదు. ఒక్క పేజీ అటూ ఇటూ కాలేదు, ప్రతి పేజీ నేను పెట్టిన చోటే ఉంది.

ప్రేమతో,
మీ అక్క

తా.క. అలాంటివి ఇంకా పదకొండు ఉన్నాయి. అన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి. ఏవో చెప్పను. మూడింటి మీద నువ్వు ఉపన్యాసాలిచ్చావు.

మళ్లీ తా.క. బావమరిదీ, ఇది నేను. కలం ఇప్పుడే ఇచ్చింది. మిగతా నలభై ఏడూ ఒకేసారి పంపు. రాత్రింబవళ్లు చదువుతాను. మీ అక్క పక్కనే కూర్చుని, నేను పేజీ తిప్పినప్పుడల్లా ముఖంలోకి చూస్తోంది.