ఒడ్డున నిలబడ్డవాళ్ళ సినిమా

జూలై 6, ఆదివారం

భోజనాలయ్యాక పాత సినిమా ఒకటి పెట్టాను. ఏదో చలిదేశం. నలుపు తెలుపు. స్టేషన్లో టికెట్లు చూసే ముసలాయన రిటైరైన మర్నాడు అలవాటు కొద్దీ మళ్ళీ స్టేషన్‌కే వెళ్తాడు. గేటు దగ్గర కొత్తగా చేరినవాడు ఆయన్నే టికెట్ అడుగుతాడు. అంతే. ఆ తర్వాత చాలాసేపు ఆ ముసలి మొహం తప్ప ఇంకేమీ చూపించడు.

సోఫాలో మా ఆయన ప్రకాష్ గురక. స్టీల్ ప్లాంటు ఉద్యోగం అయిపోయినా ఆయనకి షిఫ్టు నిద్ర మాత్రం పోలేదు. మధ్యలో ఓ కన్ను తెరిచి, "ఏటి సుజాతా, ఇంకా టేసన్లోనే ఉన్నాడా ఆడు?"

ఉన్నాడు. ఈ మధ్య నాకు ఇలాంటివే కావాలి. గంట కొడితే లేచి, గంట కొడితే ఇంకో క్లాసుకి నడిచే బతుకు. తెర మీదైనా ఎవరూ తొందరపడకపోతే చాలు.

జూలై 9, బుధవారం

ఆఖరి పీరియడ్ కూడా నాకే వేశారు. బస్సులో కూర్మన్నపాలెం దాకా నిలబడే వచ్చాను. పోర్టు దగ్గర కిటికీలోంచి నల్లటి దుమ్ము... కాళ్ళు నావి కావు.

జూలై 12, శనివారం

ప్రతి శనివారంలాగే తొమ్మిదో తరగతికి సినిమా, ఈసారి ఒక డాక్యుమెంటరీ వేశాను. ఉత్తరాన ఎక్కడో ఒక దీవి. చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఒక పడవ తిరిగి రాదు. ఆడవాళ్ళు ఒడ్డున నిలబడతారు. తీసినవాడు వాళ్ళనేమీ అడగడు, తనూ నిలబడతాడు, అంతే. చివరికి శవం లేని పెట్టెలో ఆ మనిషి బట్టలు పెట్టి పూడ్చేస్తారు. నాకు చాలా ఇష్టమైన సినిమా.

క్లాసులో సగం మంది జాలరి పిల్లలే. నూకరత్నం కూడా. కిందటి కార్తీకంలో వేటకెళ్ళిన వాళ్ళ నాన్న పడవ రాలేదు. మనిషీ దొరకలేదు.

తెలిసే వేశాను. వాళ్ళ సముద్రాన్ని వాళ్ళకి చూపించకుండా దాచడం మేలా అనుకున్నాను. ఇప్పుడు... ఏమో.

లైట్లు వేశాక రత్నం లేచి నిలబడింది.

"టీచర్, ఆళ్ళు ఎన్నాళ్ళు సూసేరు?"

సినిమాలో చెప్పలేదమ్మా, అన్నాను.

"మరి ఇంక రాడని ఆళ్ళకెలగ తెలిసింది?"

గంట కొట్టేశారు. నాకు ఊపిరొచ్చింది. గంట కొడితే సంతోషించే టీచర్ని.

జూలై 14, సోమవారం

ప్రార్థన అవుతుండగానే రత్నం వాళ్ళమ్మ ఎల్లమ్మ వచ్చింది. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు. హెడ్మాస్టర్ గది గుమ్మంలోనే నిలబడి —

"నా గుంటకి, రత్నానికేటి సూపించేవు టీచరమ్మా? గాజులు తీసీమంటంది నన్ను. అయ్య సచ్చిపోయేడు, ఒప్పుకో అంటంది. ఆడి బట్టలు పెట్టిలో ఎట్టి కప్పెట్టీమంటంది. ఎవలు నేర్పేరు దానికి?"

నేను నేర్పలేదని అనబోయాను.

ఆవిడ వెళ్ళాక హెడ్మాస్టర్ చాలా మర్యాదగానే అన్నారు. "శనివారాలు ఇంక సినిమాలొద్దు మేడమ్. ఆ టైములో లెక్కలు సెప్పించుకుందాం." తలూపాను. ఇన్నేళ్ళ శనివారాలు. ఒక్క మాట వాదించలేదు. వాదించే ఓపిక ఎక్కడ పారేసుకున్నానో.

రత్నం బడికి రాలేదు.

జూలై 15, మంగళవారం

రాలేదు.

జూలై 16, బుధవారం

ప్రకాషే ఏదో సినిమా పెట్టాడు నాకోసం. మంచు, గుర్రాలు, ఎవరో పాడుతున్నారు. వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎవరి దేశమో, ఎవరి దుఃఖమో... సోఫాలో కూర్చుని, చేతిలో టీ పట్టుకుని ఇన్నాళ్ళూ చూశాను.

జూలై 18, శుక్రవారం

బడి అయ్యాక ఒడ్డుకి వెళ్ళాను. ఎల్లమ్మ ఇసకలో వల పరిచి చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి పని ఆపలేదు. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. రత్నం వాళ్ళింటి గుమ్మంలోంచి నన్ను చూసి లోపలికి పోయింది.

తప్పయిందని చెబుదామనే వెళ్ళాను. అంతలో ఆవిడే —

"అందరూ అంటన్నారు. మా అత్త అంటంది. ఆడి కన్నతల్లే అంటంది, ఇంక నేడు, రాడని. నాను ఇన్లేదు. నా గుంట అన్నాదని కోపవొచ్చింది గానీ..."

ఒక చేప తిరగేసింది. ఇంకోటి.

"ఆ సినిమా నాకూ సూపించు టీచరమ్మా. ఏటుందో నానూ సూత్తాను."

ఇంటికొచ్చి చెప్తే ప్రకాష్ లేచి కూర్చున్నాడు. "ఒద్దు సుజాతా. ఆవిడ తట్టుకోలేకపోతే? అప్పుడేటి సేత్తావు?" తెలీదు. రమ్మని చెప్పేశాను.

జూలై 20, ఆదివారం

వచ్చింది. ఒక్కతే. సోఫాలో కూర్చోమంటే కింద కూర్చుంది. నేనూ కిందే కూర్చున్నాను. ప్రకాష్ ఏదో పనుందని జంక్షన్‌కి వెళ్ళిపోయాడు. ఏ పనీ లేదు.

తెర కింద పడే ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ తెలుగులో చెప్తూ వచ్చాను. మొదట్లో ఆవిడ చూపంతా పడవల మీదే. "అమ్మో, ఆ సలిలో ఎలగెళ్తారో!" ఒకచోట నవ్వింది కూడా. పడవ రాని రోజు వచ్చాక నవ్వు లేదు.

తర్వాత ఆ చోటు. ఆ భార్య గోడకున్న కొక్కెం నుంచి మొగుడి కోటు తీసి మడత పెడుతుంది. ఏదో అంటుంది. కింద మాటలు పడ్డాయి. నేను చెప్పలేదు.

"ఏటన్నాది?"

రిమోట్ చేతిలోకి తీసుకున్నాను.

"సెప్పు టీచరమ్మా. ఏటన్నాదావిడ?"

"ఆయనకింక ఈ కోటు అక్కర్లేదు, అంది."

ఎల్లమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పెట్టె పూడ్చడం, మట్టి, అంతా కళ్ళార్పకుండా చూసింది. అయిపోయాక ఆవిడ లేవలేదు. నేనూ లేవలేదు.

"ఆడి సొక్కా ఒకటి దండెం మీదే ఉన్నాది. వానొత్తే లోపలెడతాను. ఎండొత్తే మళ్ళీ ఆరేత్తాను."

ఇన్ని సినిమాలు చూశాను. ఒక్కదాంట్లోంచీ ఒక్క మాట రాలేదు. చెయ్యి పట్టుకున్నాను. గరుగ్గా, ఉప్పు పట్టి ఉంది.

"మళ్ళీ ఎయ్యి. ఆ కోటు కాడ్నుంచి."

మళ్ళీ వేశాను. ఈసారి ఆవిడ అడగకముందే చెప్పాను.

సాయంత్రం ఆవిడతో బస్టాపు దాకా వెళ్ళాను. బస్సు కనిపించాక —

"రత్నాన్ని రేపు బడికి అంపుతాను. నాతో మాటాడ్డం మానీసింది అది. నువ్వే సెప్పు దానికి."

"ఏం చెప్పమంటావు ఎల్లమ్మా?"

"అదే నాకూ తెల్దు" అంటూ ఎక్కేసింది. పైన రాడ్డు పట్టుకుంటే గాజులన్నీ మోచేతి దాకా జారాయి.

రేపు మొదటి పీరియడ్ తొమ్మిదో తరగతే. హాజరు పిలుస్తాను. రత్నం పేరు వస్తుంది, పలుకుతుంది. ఆ తర్వాత పుస్తకం మూసి తల ఎత్తాలి కదా...