ఎడమ భుజానికి చెక్కిన కట్టె

మస్తాన్ మామా,

ఊరికి పోయేముందు నువ్వు చెక్కిన పిస్తోలు కట్టెను తన పనేనని చెప్పుకున్నాడు మన ఫోర్‌మన్. నాకు ఒళ్లు మండింది.

అది చేయించుకున్న సమాయిల్ ఊరి దొర, అర్బాబ్, వేటకని, మూతిలోంచి మందు కూరే తన తాత పిస్తోలుకు ఆ కట్టె బిగించి కుడి భుజానికి ఆనించాడు. దవడకు గుచ్చుకుంది. “ఇట్లెందుకు చేసినావ్?” అంటే ఫోర్‌మన్ అరగదీసి సరిచేస్తానన్నాడు.

ఎందుకో చూద్దామని ఎడమ భుజానికి పెట్టుకున్నాను. చెంప గుంటలో చక్కగా కూర్చుంది! ఎడమచేతివాడివి, నీ భుజానికే కొలిచావన్నమాట.

“మా మామ పని ఇది,” అన్నాను.

అర్బాబ్ నవ్వాడు. “మార్చొద్దు. నేనే ఎడమతో నేర్చుకుంటాలే. ఆయన పేరు చెక్కు.”

పని చేసినవాడి పేరే పనికుండాలని నేను కార్మికుల కరపత్రం చదివితే, “కాగితాలు కూడు పెడతాయేంరా?” అనేవాడివి.

రూముల్లో అందరికీ చెప్పాను: శుక్రవారం సాయంత్రం నాలుగింటికి అల్ హైల్ వర్క్‌షాపుకు రండి, మామ పేరు చెక్కుతున్నాం. ఫోర్‌మన్‌కూ చెప్పాను: నువ్వూ రా!