కమాను పట్టీ

బావగారికి,

ఇక్కడ అందరం కులాసా అని రాయలేకపోతున్నాను.

సెలవురోజున పాత ఇనుముతో కత్తులు కొట్టుకునే నా పిచ్చి మీకు తెలిసిందే. మీరు తెచ్చిచ్చిన పాత బండి కమాను పట్టీని మొన్న ఆదివారం కొలిమిలో పెట్టాను. ఎర్రగా కాలిన ఉక్కు సుత్తి కింద మొద్దుగా పలకాలి. ఇది మొదటి దెబ్బకే ఖంగుమంది. వెంటనే వంటింట్లోంచి అమ్మ, "వస్తున్నానే చిట్టీ, ఎందుకే ఆ తొందర!" అంది.

అక్కను తప్ప అమ్మ ఎవరినీ చిట్టీ అనలేదు. అక్క పోయిన ఈ ఏడాదిలో ఆ పేరే ఎత్తలేదు. నేను మళ్లీ కొట్టాను. అమ్మ మళ్లీ పలికింది. పాత గడ్డపార ముక్క కొట్టి చూశాను, తలైనా తిప్పలేదు.

ఆ పట్టీని పాతసామాన్ల కొట్లో కొన్నానన్నారు మీరు. కోప్పడను, నిజం చెప్పండి. అది ప్రమాదం రోజు అక్క నడిపిన వ్యానుదేనా?

భయమేసి కొలిమి ఆర్పేశాను. కత్తి సగంలో ఉంది. అమ్మ మాత్రం పొద్దున్నే ఇనుము కొట్టే దాగలి పక్కన పీట వేసుకుని కూర్చుంటోంది. "దాని మాట మధ్యలో ఆపేశావేంరా? పూర్తిగా చెప్పనీ" అంటోంది.

ఆ రోజు వ్యానులో అక్క పక్కన ఉన్నది మీరొక్కరే. చివరగా ఏమందో రాయండి. మీరు రాయకపోతే, వచ్చే ఆదివారం కొలిమి వెలిగిస్తాను.

మీ బావమరిది